క్లయింట్ ఇంకా గమనించని తప్పును మనమే చెప్పాలా?

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. ఆమె అకౌంటెంట్. పదకొండేళ్లు ఒక సంస్థలో పనిచేసి, రెండేళ్ల క్రితం సొంతంగా ప్రాక్టీస్ మొదలుపెట్టారు. యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక మధ్యస్థాయి పరిశ్రమ ఆమెకు అన్నిటికంటే పెద్ద క్లయింట్. ఆమె ఆదాయంలో దాదాపు మూడో వంతు అక్కడి నుంచే వస్తుంది. ఆ పరిశ్రమ లెక్కలన్నీ అంతకుముందు ఇరవై ఏళ్లపాటు ఒకే అకౌంటెంట్ చూసేవారు. ఆయన విశ్రాంతి తీసుకుంటూ తన స్థానంలో ఈమె పేరు సూచించారు. మొదటి ఏడాది సాఫీగా సాగింది. ఆ తరువాత రెండు నివేదికలు గడువు దాటి వెళ్లాయి. రెండుసార్లూ ఆమె "రేపు పంపుతాను" అని చెప్పి, ఆ రేపును మూడు నాలుగు రోజులు సాగదీశారు. అప్పటి నుంచి యజమాని తీరు మారింది. ఆమె పంపిన ప్రతి కాగితాన్నీ తన ఆఫీసులోని ఒక కుర్రవాడి చేత మళ్లీ చూపిస్తున్నారు. చిన్న సందేహం వచ్చినా ఈమెను అడగకుండా పాత అకౌంటెంట్‌కు ఫోన్ చేస్తున్నారు. ఈ దూరం తగ్గుతుందన్న ఆశతో, ఆయన అడగకముందే, ఆమె తన ఫీజు 15 శాతం తగ్గించుకున్నారు. ఫలితం లేకపోయింది.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. కొత్త యంత్రాల కోసం యజమాని బ్యాంకు రుణానికి వెళ్తున్నారు. దానికోసం రాబోయే 18 నెలల నగదు రాకపోకల అంచనాను ఆమే తయారుచేసి పంపారు. పంపిన పదహారు రోజులకు, అదే స్ప్రెడ్‌షీట్‌ను మరో పనికి తెరిచినప్పుడు, ఖర్చుల మొత్తం కట్టే ఫార్ములా 41వ వరుస దగ్గరే ఆగిపోయిందని ఆమె చూశారు. చివర్లో చేర్చిన 42, 43, 44 వరుసలు, అంటే బీమా, యంత్రాల మరమ్మతు, సరుకు రవాణా, మొత్తంలోకి రానే లేదు. ఖర్చులు దాదాపు 6 శాతం తక్కువగా కనిపిస్తున్నాయి. సరిచేసి చూస్తే ఏడో నెలలో చేతిలో నగదు ఉండదు. యజమాని గమనించలేదు, కుర్రవాడూ గమనించలేదు. బ్యాంకుతో సమావేశానికి ఇంకా మూడు వారాలుంది. "సవరించిన తాజా ప్రతి అని పంపెయ్, ఎందుకని ఎవరూ అడగరు" అని స్నేహితురాలు సలహా ఇచ్చారు. "అడగనిదే చెప్పకు, ఉన్న పెద్ద క్లయింట్ పోతాడు" అని పాత సంస్థలోని సీనియర్ హెచ్చరించారు. ఆమె ఇలా రాశారు: "ఆయన నన్ను నమ్మడం లేదని ఏడాదిగా బాధపడుతున్నాను. ఇప్పుడు ఆ వరుసలు చూశాక, ఆయన నమ్మకపోవడమే సరైనదేమో అనిపిస్తోంది. చెబితే మిగిలిన కాస్త నమ్మకం కూడా పోదా? అసలు ఒక క్లయింట్ నమ్మకాన్ని ఎలా సంపాదించుకోవాలి?"

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు సమస్యలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఒకటి మూడు వారాల్లోపు తేలాల్సినది, రెండోది తేలడానికి ఏడాదైనా పట్టేది. ఈ రెండింటినీ ఒకే ముడిగా చూడడం వల్లే మీకు దారి కనిపించడం లేదని నాకనిపిస్తోంది. నమ్మకం ముందే తగ్గిపోయింది కాబట్టి తప్పు చెప్పుకునే స్థితిలో లేనని మీరు అనుకుంటున్నారు. నేను దీన్ని అటువైపు నుంచి చూడమంటాను. ఆ యజమాని ఏడాదిగా వెతుకుతున్న ప్రశ్నకు మీరు ఇంతవరకూ జవాబివ్వలేదు: ఈవిడ దగ్గర ఏదైనా తేడా వస్తే నాకు ఎప్పుడు తెలుస్తుంది, ఎవరి ద్వారా తెలుస్తుంది? రెండుసార్లు గడువు దాటినప్పుడు ఆయనకు దొరికిన జవాబు "ఆలస్యంగా, అది కూడా నేను అడిగితేనే" అని. కుర్రవాడి చేత లెక్క చూపించడం, పాత అకౌంటెంట్‌కు ఫోన్ చేయడం, ఇవన్నీ ఆ జవాబు నుంచి పుట్టినవే.

ముందుగా మీరు చేసిన తప్పు ఏపాటిదో చూద్దాం, ఎందుకంటే మీరు దాన్ని మీ యోగ్యతకే మచ్చగా తీసుకుంటున్నారు. కింద కొత్త వరుసలు చేర్చడం, పైనున్న ఫార్ములా వాటిని అందుకోకపోవడం స్ప్రెడ్‌షీట్‌తో పనిచేసే ఎవరికైనా జరిగేదే. ప్రభుత్వాల అప్పుకూ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధంపై కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ప్రసిద్ధ ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన పత్రంలో సరిగ్గా ఇదే జరిగింది. సగటు కట్టే ఫార్ములా 49వ వరుస దాకా వెళ్లాల్సింది 44 దగ్గర ఆగిపోయి, ఇరవై దేశాల్లో అయిదు దేశాలు లెక్కలోంచి జారిపోయాయి. ఎన్నో దేశాల విధాన చర్చల్లో ఉదహరించిన పత్రం అది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, వాళ్ల ఫైల్ తెప్పించుకుని చూస్తున్నప్పుడు ఆ వరుసలు కంటబడ్డాయి. ఫార్ములా తప్పు తమదేనని రచయితలిద్దరూ ఒప్పుకున్నారు, తమ ప్రధాన నిర్ధారణకు మాత్రం కట్టుబడి ఉన్నారు. అయితే అప్పటికే ఆ తప్పు ప్రపంచానికి వేరొకరి నోట తెలిసిపోయింది. మీ విషయంలో ఆ మూడు వరుసలను చూసిన మొదటి మనిషి మీరే. మీ చేతిలో ఉన్న అతి విలువైన సంగతి ప్రస్తుతానికి ఇదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది మీ సీనియర్ చెప్పిన మౌనం. మీరు మాట్లాడకపోతే ఏమవుతుందో అంకెల్లోనే ఆలోచించండి. యజమాని తక్కువ ఖర్చుల అంచనా ఆధారంగా తక్కువ రుణం అడుగుతారు, లేదా మొదటి నెలల్లోనే భారమయ్యే వాయిదాలకు ఒప్పుకుంటారు. బ్యాంకు అధికారి నిశితంగా చూసేవారైతే, బీమా, మరమ్మతు, రవాణా పద్దులు కాగితం మీద ఉండి మొత్తంలో లేకపోవడం సమావేశంలోనే బయటపడుతుంది, యజమాని వాళ్ల ఎదుట తెల్లబోతారు. అక్కడ బయటపడకపోతే ఏడో నెలలో ఆయన ఖాతానే ఆ సంగతి చెబుతుంది. ఏ దారిన బయటపడినా, అప్పుడు ఆయన అడిగే మొదటి ప్రశ్న "మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నదే. ఆ ప్రశ్నకు మీరు అబద్ధం చెప్పలేరు, నిజం చెప్పీ నిలబడలేరు.

పైగా ఇది కేవలం మీ ఇద్దరి మధ్య సంబంధం కాదు. వృత్తి అకౌంటెంట్ల అంతర్జాతీయ నైతిక నియమావళి అయిదు మూలసూత్రాలు చెబుతుంది: నిజాయితీ, నిష్పాక్షికత, వృత్తి సామర్థ్యంతో కూడిన శ్రద్ధ, గోప్యత, వృత్తికి తగిన ప్రవర్తన. తప్పుదారి పట్టించే సమాచారంతో తెలిసి తెలిసి సంబంధం పెట్టుకోకూడదని, అలాంటి సమాచారంతో తన పేరు ముడిపడిందని తెలిసిన వెంటనే దాని నుంచి బయటపడే చర్యలు తీసుకోవాలని కూడా అందులో ఉంది. ఆ ఫార్ములా మీ కంటబడే దాకా మీది పొరపాటు. చూసిన మర్నాటి నుంచి అది మీకు తెలిసిన తప్పుడు లెక్క, దాన్ని నమ్మి ఒక బ్యాంకు డబ్బు ఇవ్వబోతోంది. మీ సీనియర్ మీ మేలు కోరే అలా అన్నారని నేను నమ్ముతాను. కానీ ఆయన సలహా పాటిస్తే పోయేది ఒక్క క్లయింట్‌తో ఆగకపోవచ్చు.

రెండోది మీ స్నేహితురాలి మాట: "తాజా ప్రతి" అని పంపేయడం. ఇది చూడడానికి సౌమ్యంగా ఉంటుంది, అంకెలు కూడా సరవుతాయి, అందుకే చాలామంది ఈ దారినే పడతారు. నేను దీన్ని మౌనం కంటే కాస్త మెరుగని ఒప్పుకుంటాను, ఎందుకంటే కనీసం బ్యాంకుకు వెళ్లే కాగితం సరైనదవుతుంది. అయితే ఆ పాత ప్రతి ఇప్పుడు ఎవరెవరి దగ్గర ఉందో మీకు తెలియదు. పదహారు రోజుల్లో ఆయన దాన్ని బ్యాంకుకు పంపి ఉండవచ్చు, పాత అకౌంటెంట్‌కు చూపించి ఉండవచ్చు, యంత్రాలు అమ్మేవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ అంకెలే వాడి ఉండవచ్చు. "తాజా" అన్న మాట చూసి, అది నెలవారీ మార్పేమోననుకుని, ఆయన దాన్ని తెరవకుండానే పక్కన పెట్టే అవకాశం కూడా తక్కువేమీ కాదు. అలా కాక, ఆ కుర్రవాడు రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూశాడనుకోండి, మీరు తప్పు చేశారన్న సంగతితో పాటు దాన్ని చాటుగా సర్దారన్న సంగతీ ఒకేసారి తెలుస్తుంది.

ఈ రెండు సంగతుల బరువు ఒకటి కాదు, నేను మీకు ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇదే. రోజర్ మేయర్, జేమ్స్ డేవిస్, డేవిడ్ షూర్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు 1995లో, మనం ఎదుటివారిని నమ్మదగినవారని అనుకోవడానికి మూడు ఆధారాలు ఉంటాయని ప్రతిపాదించారు: పని చేతనవుతుందన్న భరోసా, మన మేలు కోరతారన్న భరోసా, మాటకూ విలువలకూ కట్టుబడతారన్న భరోసా. ఈ మూడూ ఒకేలా దెబ్బతినవు, ఒకేలా కోలుకోవు. 2004లో పీటర్ కిమ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో, చేతకానితనం వల్ల జరిగిన తప్పుకు క్షమాపణ చెప్పినప్పుడు, తప్పే లేదని బుకాయించినప్పటి కంటే నమ్మకం బాగా కోలుకుంది. నిజాయితీ లోపం వల్ల జరిగిన తప్పు దగ్గర క్షమాపణకు ఆ బలం లేకపోయింది. కారణం ఊహించలేనిది కాదు. ఎంత సమర్థుడైనా ఒకరోజు పొరపడవచ్చని మనందరికీ తెలుసు. కానీ ఒకసారి దాచిన మనిషి ఇంకెన్నిసార్లు దాచారో అన్న అనుమానానికి అంతు ఉండదు. ఇవాళ మీ మీద ఉన్నది మొదటి రకం తప్పు. ఫోన్ చేయకుండా గడిచే ప్రతి రోజూ దాన్ని కొంచెం కొంచెంగా రెండో రకంలోకి జరుపుతుంది.

మూడో దారి, చెప్పడం. దీనివల్ల నష్టం లేదని నేను మీకు హామీ ఇవ్వను. ఆయనకు కోపం రావచ్చు. "నేను ముందే అనుకున్నాను" అనవచ్చు. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వవచ్చు. మీ ఆదాయంలో మూడో వంతు ఒక్కరి దగ్గర నుంచి వస్తున్నప్పుడు ఈ భయం ఊహ కాదు. ఒకే క్లయింట్ ఫీజు మీద ఎక్కువగా ఆధారపడడం అకౌంటెంట్ నిష్పాక్షికతకు ముప్పు అని ఆ నియమావళే గుర్తిస్తుంది. ఆ మూడో వంతు మీ తీర్పును ఎటు లాగుతోందో మీరే గమనించి ఉంటారు. ఇదే తప్పు మీ చిన్న క్లయింట్ విషయంలో జరిగి ఉంటే, నాకు ఉత్తరం రాయకుండా ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఉండేవారు.

చెప్పడం వల్ల గొడవలు పెరుగుతాయన్న భయానికి మరో వృత్తిలో ఒక అనుభవం ఉంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల వ్యవస్థ 2001లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. చికిత్సలో తప్పు జరిగిందని తేలితే రోగికి తామే చెప్పడం, క్షమాపణ కోరడం, తగిన పరిహారం ఇవ్వజూపడం ఆ పద్ధతి. అలా చేస్తే కేసులు వెల్లువెత్తుతాయని అనుకోవడం సహజం. 2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం, నెలకు లక్ష రోగి సందర్శనలకు 2.13గా ఉన్న కోర్టు కేసులు 0.75కు తగ్గాయి. ఆ తగ్గుదల అంతా ఈ ఒక్క పద్ధతి వల్లేనని అనలేము, కానీ చెప్పడం వల్ల నిప్పు రాజుకుంటుందన్న భయం మాత్రం అక్కడ నిజం కాలేదు.

ఫోన్ చేయడానికి ముందు ఒక్క పని చేయాలి. మీకు వృత్తిపరమైన బాధ్యత బీమా ఉంటే ఆ పాలసీ తీసి చదవండి. పరిహారం కోరే అవకాశమున్న పొరపాటు తెలిసిన వెంటనే తమకు తెలియజేయాలని, తమ అనుమతి లేకుండా నష్టబాధ్యతను ఒప్పుకోకూడదని ఇలాంటి పాలసీల్లో తరచుగా షరతులుంటాయి. కాబట్టి ముందు బీమా సంస్థకు ఒక మాట తెలియజేయండి. దీన్ని సాకుగా తీసుకుని వారం రోజులు ఆగమని నా ఉద్దేశం కాదు. లెక్కలో ఏ వరుసలు తప్పిపోయాయో చెప్పడం వేరు, దానివల్ల వచ్చే నష్టం మొత్తం నేనే భరిస్తానని చెప్పడం వేరు. మొదటిది క్లయింట్‌కు తెలియాల్సిన వాస్తవం. రెండోది ఆ పాలసీ ప్రకారం, అవసరమైతే న్యాయవాదిని అడిగి తేల్చుకోవాల్సిన విషయం.

తరువాత సరిచేసిన ప్రతి సిద్ధం చేసుకోండి. మొత్తం ఫార్ములాలన్నీ మరోసారి తనిఖీ చేయండి, ఎందుకంటే ఈ తప్పు చెప్పిన నాలుగు రోజులకు ఇంకొకటి బయటపడితే ఈసారి మీ మాటకు విలువ ఉండదు. వీలైతే మీ వృత్తిలోనే ఉన్న మరొకరి చేత, క్లయింట్ వివరాలేవీ తెలియనివ్వకుండా, లెక్క చూపించండి. మారిన గడులకు రంగు వేసి, పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టండి. ఇదంతా ఒక పూట పని. పూర్తయ్యాక మెయిల్ రాయకండి, ఫోన్ చేయండి, కుదిరితే వెళ్లి కలవండి. చెడు వార్తను మెయిల్‌లో చదివే మనిషి దాన్ని తనకు నచ్చిన గొంతుతో చదువుకుంటాడు.

ఏం మాట్లాడాలో కూడా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి చోట మంచి మనసున్నవాళ్లే ఎక్కువగా తడబడతారు. "నమస్కారం అండీ. మీకు ఇచ్చిన నగదు అంచనాలో నా వల్ల ఒక తప్పు జరిగింది. బీమా, మరమ్మతు, రవాణా పద్దులు ఖర్చుల మొత్తంలోకి చేరలేదు. అందువల్ల ఖర్చు దాదాపు 6 శాతం తక్కువగా కనిపించింది. సరిచేస్తే ఏడో నెలలో నగదు చాలదు. క్షమించండి. సరిచేసిన ప్రతి నా దగ్గర ఉంది, ఇప్పుడే పంపుతున్నాను. పాత ప్రతి మీరు ఎవరికైనా ఇచ్చారా?" అంతే. అక్కడ ఆగండి. ఆ తరువాత వచ్చే నిశ్శబ్దాన్ని భరించడం కష్టం. ఆ నిశ్శబ్దంలోనే మనం పనిభారం గురించి, ఆరోగ్యం గురించి, స్ప్రెడ్‌షీట్ గురించి చెప్పడం మొదలుపెడతాం, అప్పటిదాకా క్షమాపణగా ఉన్నది క్షణంలో సంజాయిషీ అయిపోతుంది. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో మా పై అధికారిణి ఒక క్లయింట్‌కు ఇలాంటి ఫోనే చేయడం పక్కనుండి విన్నాను. ఆవిడ నాలుగు వాక్యాలు చెప్పి ఊరుకున్నారు. అవతలి వ్యక్తి చాలాసేపు మాట్లాడారు, గొంతు పెంచారు. ఆవిడ కాగితం మీద ఆయన అడిగినవన్నీ ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోయారు, చివర్లో ఆ పట్టిక తిరిగి చదివి వినిపించి, ఏది ఎప్పటికి పూర్తవుతుందో చెప్పారు. ఫోన్ పెట్టేశాక ఆవిడ చేయి వణుకుతూ ఉంది. భయం లేనివాళ్లే ఇలాంటి ఫోన్లు చేయగలరని అంతవరకూ నేను అనుకునేదాన్ని.

ఆయన అడగబోయే వాటిలో ఒకటి నేను ఊహించగలను: "మళ్లీ ఇలా జరగదని ఏమిటి నమ్మకం?" జరగదని ప్రమాణం చేయకండి. మీరు కొత్తగా పెట్టుకున్న ఏర్పాటు చెప్పండి. ఉదాహరణకు, ఖర్చుల మొత్తాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కట్టి, రెండూ సరిపోకపోతే ఎర్రగా కనబడే గడి ఒకటి ప్రతి షీట్ పైనా ఉంచుతానని చెప్పవచ్చు. ఆయన తన కళ్లతో చూడగలిగే ఏర్పాటు కాబట్టి, దానికి మీ మాట మీద ఆధారపడనక్కర లేదు. ఆ కుర్రవాడి సంగతీ ఇక్కడే చెబుతాను. అతను మీ పని చూడడం మీకు అవమానంగా ఉందని రాశారు. కానీ అతను కూడా ఈ తప్పును పట్టుకోలేకపోయాడంటే, అతనికి ఏం చూడాలో ఎవరూ చెప్పలేదని అర్థం. ఎక్కడెక్కడ తప్పులు దొర్లుతాయో మీరే ఒక చిన్న పట్టిక రాసి అతనికి ఇవ్వండి. తన లెక్క తనిఖీ చేయడానికి తానే పద్ధతి చెప్పిన మనిషిని అనుమానించడం ఎవరికైనా కష్టం.

నాలుగో దారి ఒకటి మీరు ఉత్తరం చివర్లో నెమ్మదిగా ప్రస్తావించారు, ఈ క్లయింట్‌ను వదులుకోవడం. తప్పు చెప్పకుండా వదిలి వెళ్లడం మొదటి దారికి మరో పేరు మాత్రమే, దాన్ని లెక్కలోకి తీసుకోను. చెప్పి, సరిచేసిన కాగితం చేతికిచ్చి, ఆ తరువాత వైదొలగడం గౌరవనీయమైన నిర్ణయమే. ఏడాదిగా మీరు ప్రతి మెయిల్ తెరిచేముందు గుండె దడతో కూర్చుంటున్నారంటే దాన్ని తేలిగ్గా తీసుకోలేను. కానీ ఆ నిర్ణయం ఈ మూడు వారాల్లో చేయకండి. రుణం సంగతి తేలేలోపు వెళ్లిపోతే, వెళ్లిన కారణం గురించి ఆయనకు తోచిన కథే మిగులుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న, దీర్ఘకాలం మీద నమ్మకం ఎలా ఏర్పడుతుందన్నది. మీరు ఎంచుకున్న పద్ధతి ఫీజు తగ్గించడం, అది పనిచేయకపోవడంలో ఆశ్చర్యం లేదు. పని నాణ్యత గురించి సందేహంలో ఉన్న మనిషికి, అడగకుండానే ధర తగ్గితే ఆ సందేహం బలపడుతుంది. ఇచ్చిన తగ్గింపును ఇప్పుడు వెనక్కి తీసుకోవద్దు, ఈ తప్పు సందర్భంగా మరో తగ్గింపు ఇవ్వనూ వద్దు. సవరణకు డబ్బు తీసుకోకపోవడం మాత్రం చెప్పనక్కర లేని విషయం.

గడువుల దగ్గర మీరు చేస్తున్న పొరపాటు మీ స్వభావంలోది కాదు, మనుషులందరిలోనూ ఉన్నది. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, విశ్వవిద్యాలయ విద్యార్థులను వారి పరిశోధన వ్యాసం ఎన్నాళ్లలో పూర్తవుతుందని అడిగితే, సగటున 33.9 రోజులన్నారు. పట్టింది 55.5 రోజులు. చెప్పిన సమయానికి ముగించినవాళ్లు మూడో వంతు కంటే తక్కువ. మన పని గురించి మనం ఊహించుకునేటప్పుడు అంతా సజావుగా సాగే రోజునే ఊహించుకుంటాం, గతంలో ఎన్ని రోజులు పట్టిందో గుర్తు చేసుకోం. మీ పాత నివేదికలు పది తీసి, ఒక్కొక్కటీ ఎన్నాళ్లు పట్టిందో చూసి, ఇకమీదట ఆ అంకెనే గడువుగా చెప్పండి. యజమానికి అది ఎక్కువగా కనిపిస్తుంది, బేరమాడతారు. ఆ బేరానికి లొంగకపోవడమే మీకు అన్నిటికంటే కష్టమైన పని అవుతుందని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది, ఎందుకంటే మీరు ఎదుటివారి ముఖం చిన్నబోవడం చూడలేని మనిషి. "రేపు పంపుతాను" అన్న మాట ఆ క్షణానికి ఆయన ముఖాన్ని బాగుచేసింది. మర్నాడు ఆయన ఎదురుచూసిన గంటలే మీ మీద నమ్మకాన్ని తినేశాయి. ఆలస్యమవుతుందని మీకు తెలిసిన రోజునే, గడువుకు ముందే, "గురువారం అన్నాను, సోమవారం ఇవ్వగలను" అని చెప్పి ఉంటే ఆయన విసుక్కునేవారు, అంతటితో సరిపోయేది.

పాత అకౌంటెంట్ గురించి మీరు రాసిన పంక్తుల్లో నొప్పి ఉంది. ఇరవై ఏళ్ల పరిచయంతో మీరు పోటీ పడలేరు, పడనక్కర లేదు. నేనైతే ఈ గొడవ సద్దుమణిగాక, ఒకరోజు తీరికగా కూర్చుని యజమానినే అడుగుతాను: "ఆయన దగ్గర మీకు బాగా నచ్చిన పద్ధతి ఏమిటి, నా దగ్గర లేనిది?" వచ్చే జవాబు చాలా చిన్నదై ఉండవచ్చు. నెలాఖరుకు ముందు ఒక ఫోన్ చేసి ఏ చెల్లింపులు రాబోతున్నాయో చెప్పేవారు, అన్నంతటిది. 1997లో వెండీ లెవిన్సన్ బృందం వైద్యుల మీద చేసిన అధ్యయనంలో, సాధారణ చికిత్స చేసే వైద్యుల్లో రోగుల నుంచి దావాలు ఎదుర్కోనివాళ్లు, ఎదుర్కొన్నవాళ్ల కంటే ఒక్కో రోగితో మూడు నిమిషాలు ఎక్కువ గడిపారు, 15 నిమిషాల బదులు 18.3. ఇప్పుడు ఏం చేయబోతున్నారో, తరువాత ఏం జరుగుతుందో ముందే చెప్పేవారు, రోగి ఏమనుకుంటున్నారో అడిగేవారు. అదే పని మీరూ మొదలుపెట్టవచ్చు. ప్రతి శుక్రవారం అయిదు వాక్యాల మెయిల్ పంపండి: ఈ వారం ఏం పూర్తయింది, ఏది మిగిలింది, మీ దగ్గర నుంచి నాకు ఏం కావాలి, ఏ అంకె మీద నాకింకా సందేహం ఉంది. చెప్పడానికి ఏమీ లేని వారం కూడా ఏమీ లేదని పంపండి. రెండు నెలలు పోయాక ఆయన దానికి జవాబు ఇవ్వడం మానేస్తారు. దాన్ని నిర్లక్ష్యమని అనుకోకండి. అడగకుండానే తెలుస్తుందన్న ధీమా కుదిరినప్పుడే మనుషులు అడగడం మానేస్తారు.

చివరిగా, పత్రికలో సమాధానం మీ దాకా రావడానికి సమయం పడుతుంది. ఇది మీరు చదివే వేళకు ఆ పాత ప్రతి బ్యాంకుకు చేరిపోయి ఉంటే, లేదా సమావేశమే అయిపోయి ఉంటే, చెప్పాల్సిన అవసరం తగ్గదు, చెప్పే తీరు మారుతుంది. నేరుగా బ్యాంకుకు మీరు ఫోన్ చేయకండి, క్లయింట్ సమాచారం మీ వద్ద గోప్యంగా ఉండాల్సినది. ఆయనకు చెప్పండి, సవరించిన ప్రతితో పాటు, బ్యాంకుకు ఆయన పంపడానికి వీలుగా, తేడా ఎక్కడ వచ్చిందో తెలిపే ఒక పేజీ లేఖ మీ సంతకంతో రాసి ఇవ్వండి. అవసరమైతే బ్యాంకు సమావేశానికి తోడుగా వచ్చి లెక్క నేనే వివరిస్తానని చెప్పండి. ఆయన పాత అంకెలే ఉండనిద్దామని అంటే, ఆ అంచనాకు మీ పేరు వాడవద్దని లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ దశలో మీ వృత్తి సంఘాన్ని గానీ న్యాయవాదిని గానీ సంప్రదించండి.